ఫామ్ నింపని 63 మందే మీ సర్వే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు మీరు కొత్తగా ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చారు. గత మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి బడి వదిలిన 94 మంది ఇప్పుడు ఎక్కడ చదువుతున్నారో, ఏం పని చేస్తున్నారో తెలుసుకుందామని వాట్సాప్‌లో గూగుల్ ఫామ్ పంపారు. 31 మంది నింపారు. వారిలో 30 మంది ఇంటరో పాలిటెక్నికో చదువుతున్నామన్నారు. ‘మా పిల్లల్లో 97 శాతం పైచదువుల్లో ఉన్నారు’ అని తల్లిదండ్రుల సమావేశంలో చెప్పవచ్చా, లేక ఇంకొంతమందిని నమూనాగా తీసుకుని అడగాలా, అడిగితే ఎవరు, ఎప్పుడు, ఏమని అడగాలి అన్నది మీ సందేహం.

చెప్పకూడదు మేడమ్. మీ దగ్గర ఉన్నదాన్నిబట్టి నిజాయితీగా చెప్పగలిగేది ఇంతే: 94 మందిలో 30 మంది చదువుతున్నారని తెలిసింది, ఒకరు చదవడం లేదని తెలిసింది, 63 మంది సంగతి తెలియదు. నమూనా గొడవ మీకు అక్కరలేదు. 94 మందంటే ఇద్దరు టీచర్లకు పది సాయంత్రాల పని. ఆ 63 మందిని ఒక్కొక్కరినీ వెతికి పట్టుకోండి. ఫామ్ పక్కన పెట్టి ఫోన్ తీసుకోండి. ‘ఏం చేస్తున్నావు’ అని అడిగి ఊరుకోకుండా ‘మొన్న సోమవారం పొద్దున పదింటికి ఎక్కడున్నావు’ అని కూడా అడగండి. సెప్టెంబరు రెండో సగంలో ఒకసారి, సంక్రాంతికి మరోసారి చేయండి. ఇక్కడి నుంచి నేను రాసేదంతా దీనికి వివరణే. తీరిక ఉంటేనే చదవండి.

ముందు లెక్క. తెలియని 63 మందిలో ఒక్కరూ చదవడం లేదనుకుంటే 94లో 30, అంటే 32 శాతం. అందరూ చదువుతున్నారనుకుంటే 94లో 93, అంటే 99 శాతం. నిజం 32కీ 99కీ మధ్య ఎక్కడో ఉందని మాత్రమే మీ ఫామ్ చెబుతోంది. ఆ మాట చెప్పడానికి సర్వే ఎందుకు? మరి 97 ఎక్కడి నుంచి వచ్చిందంటే, నింపనివాళ్ళు కూడా నింపినవాళ్ళలాంటివాళ్ళేనని మనం మనసులో అనేసుకున్నాం. బడిలో నాలుగేళ్ళు పనిచేసినవాళ్ళెవరూ ఆ మాట ఒప్పుకోరు. ఫామ్ ఎవరు నింపుతారు? ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళు, తరగతి గ్రూపులోంచి ఇంకా బయటికి పోనివాళ్ళు, చెప్పుకోవడానికి మంచి కబురున్నవాళ్ళు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చిన పిల్ల మీరు ఫామ్ పంపకపోయినా స్వీట్ల పెట్టెతో వస్తుంది. ఇటుకబట్టీకి పోతున్నవాడు లింకు తెరవడు.

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ళ కిందట ఆదోని వైపు ఒక ఉన్నత పాఠశాలలో ఉండగా పోస్టాఫీసులో జవాబు కార్డులు కొని, వాటిమీద బడి చిరునామా రాయించి, టీసీ తీసుకున్న ప్రతి పిల్లవాడి చేతిలో ఒకటి పెట్టాను. ‘ఎక్కడ చేరితే అక్కడి నుంచి నాలుగు ముక్కలు రాసి డబ్బాలో వెయ్యండి’ అన్నాను. మూడోవంతు కూడా తిరిగి రాలేదు. వచ్చినవి దాదాపు అన్నీ ముందు బెంచీల కార్డులు. దస్తూరి చూస్తేనే తెలిసిపోయేది. ఫిబ్రవరిలో మాత్రం ఒక వెనక బెంచీ కుర్రాడి కార్డు వచ్చింది. ‘సార్, మేమంతా గుంటూరు దగ్గర మిరపకాయల కోతలో ఉన్నాం. ఉగాదికి వస్తాం’ అని ఉంది. కోసిగి, మంత్రాలయం మండలాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే అలా కోతలకు వలస పోతాయి. ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలిసి కూడా, కార్డు రానివాళ్ళను లెక్కలోంచి తీసేసి అంతకుముందే నా శాతం నేను వేసుకున్నాను. దాన్ని నోటీసు బోర్డు మీద కూడా పెట్టించాను. ఆ కార్డు వచ్చాక బోర్డు మీది కాగితం నేనే చింపాను.

ఇక పని ఎలా చేయాలన్నది.

ఫోన్ ముట్టుకునే ముందు బీరువా తెరవండి. మీ దగ్గర టీసీ పుస్తకం ఉంది. ఎవరు ఏ తేదీన టీసీ తీసుకున్నారో ఆ నకళ్ళలో ఉంటుంది. ఇంటర్‌కైనా పాలిటెక్నిక్‌కైనా ఐటీఐకైనా టీసీ కావాలి. ఆగస్టు దాటినా టీసీ తీసుకోని పిల్లవాడు ఎక్కడా చేరలేదనడానికి అది గట్టి గుర్తు. రుజువు మాత్రం కాదు. ‘ముందు ఫీజు కట్టండి, టీసీ తర్వాత ఇద్దురుగాని’ అనే కాలేజీలూ ఉన్నాయి. అలాగే ఒరిజినల్ మెమోలు ఇచ్చేటప్పుడు సంతకం పెట్టించుకునే రిజిస్టరు. ఈ రెండూ ముందేసుకుని 63 పేర్ల పక్కన పెన్సిలుతో గుర్తులు పెట్టండి. రెండూ తీసుకోనివాళ్ళు ఒక పదిహేను మందైనా తేలతారు. మొదటి ఫోన్లు వాళ్ళ ఇళ్ళకే వెళ్ళాలి. మనం సాధారణంగా సులువుగా దొరికేవాళ్ళతో మొదలుపెడతాం, కష్టమైనవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది.

తర్వాత ఆ జాబితా పట్టుకుని వంటశాల దగ్గరికి వెళ్ళండి. మధ్యాహ్న భోజనం వండే అమ్మలకు తెలిసినంతగా ఊరు మనకు తెలియదు. చివరిసారి నేను పనిచేసిన బడిలో ఆవిడ బియ్యం చెరుగుతూనే, నేను ఒక్కో పేరు చదువుతుంటే ‘వాళ్ళు హైదరాబాదు పోయారు సార్, అపార్టుమెంటు కాపలాకి’, ‘ఆ పిల్లకి శ్రావణంలో నిశ్చయం చేశారు’ అంటూ అరగంటలో సగం జాబితా చెప్పేసింది. ఆవిడ చెప్పింది ఆచూకీగానే వాడుకోండి, జవాబుగా నమోదు చేయకండి. అరవై శాతం సరిగా ఉంటుంది, నలభై శాతం నిరుటి కబురు అయి ఉంటుంది.

ఈ పని తప్పనిసరిగా చేయమనడానికి ఇంకొక కారణం ఉంది. ఒక ఏడు నేను జాబితా ఎవరికీ చూపించకుండా నేరుగా ఫోన్లు మొదలుపెట్టాను. ఒకింటికి చేసి, ‘బాబు ఎక్కడ చేరాడమ్మా’ అన్నాను. అటువైపు నుంచి చాలాసేపు మాట లేదు. ఆ అబ్బాయి మే నెలలో చెరువులో మునిగి చనిపోయాడు. ఊరంతటికీ తెలుసు. వేసవి సెలవులకు సొంతూరు వెళ్ళిన నాకు తెలియదు.

దేశంలోని బడుల, విద్యార్థుల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో చూస్తే సరిపోదా అని మీకెవరైనా చెప్పవచ్చు. కొంతవరకు పనికొస్తుంది. 2022–23 నుంచి అందులో ఒక్కో విద్యార్థి వివరం విడిగా ఉంది. శాశ్వత విద్యా సంఖ్యతో పిల్లవాడిని ఏదైనా జూనియర్ కాలేజీ తన జాబితాలోకి తీసుకుంటే తెలుస్తుంది, తీసుకోకపోతే పేరు డ్రాప్ బాక్సులోనే, అంటే ఒక బడి వదిలి ఇంకెక్కడా చేరనివాళ్ళ జాబితాలోనే ఉండిపోతుంది. అయితే అది పన్నెండో తరగతి దాకా ఉండే వ్యవస్థ. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు దాని పరిధిలో లేవు. పాలీసెట్ రాసి డిప్లొమాలో శుభ్రంగా చదువుకుంటున్న పిల్ల అక్కడ బడి మానేసినట్టు కనిపిస్తుంది. ఇటు ఒక కాలేజీలో పేరు ఉండి, ఏనాడూ తరగతికి పోని పిల్లవాడు చదువుతున్నట్టు కనిపిస్తాడు. కాబట్టి దాన్ని కూడా ఒక ఆచూకీగానే చూడండి.

ఫోన్ల సంగతి. మీ రిజిస్టరులో ఉన్నది ఎక్కువగా తండ్రి నంబరు. పగలు చేస్తే ఆయన పొలంలోనో ఆటోలోనో ఉంటాడు, ఎత్తడు. ఎత్తినా ‘సాయంత్రం చెయ్యండి’ అంటాడు. రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య చేస్తే తల్లి కూడా పక్కనే ఉంటుంది. ఇది ముఖ్యం, ఎందుకంటే పిల్లవాడు కాలేజీకి పోతున్నాడా లేదా అన్నది తల్లికి తెలిసినంత కచ్చితంగా తండ్రికి తెలియదు. మూడు సాయంత్రాలు, వేరువేరు వారాల్లో ప్రయత్నించాకే ‘దొరకలేదు’ అని రాయండి. నంబరు పనిచేయకపోతే అదే వీధి పిల్లలను అడగండి. అన్నో చెల్లో ఇంకా మీ బడిలోనే ఉంటే పని ఇంకా సులువు.

ఒక మాట ముందే చెబుతాను, ఇది సర్వే పాఠాల్లో దొరకదు. పదో తరగతి పరీక్షలు పూర్తయిన రోజు నుంచి ఈ ఇళ్ళకు ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఫోన్ల మీద ఫోన్లు చేసి ఉంటారు. ‘మీ అమ్మాయి ఎక్కడ చేరుతోంది’ అన్న ప్రశ్న వినీ వినీ ఆ తల్లిదండ్రులు విసిగిపోయి ఉంటారు. తెలియని నంబరు నుంచి అదే ప్రశ్న మళ్ళీ వస్తే ‘చేరిపోయిందండీ’ అని పెట్టేస్తారు. ఆ జవాబును మనం ‘చదువుతోంది’ అని రాసుకుంటాం! అందుకే ఫోన్ ఎత్తగానే బడి పేరు, మీ పేరు చెప్పి, పిల్లవాడి గురించి మీ బడికి మాత్రమే తెలిసిన ముక్క ఒకటి అనండి. ‘నమస్తే అన్నా, బడి నుంచి హెడ్‌మేడమ్‌ను. మీ చిన్నోడు మా కబడ్డీ జట్టులో ఆడేవాడు కదా, ఎలా ఉన్నాడు?’ అంటే చాలు, గొంతు మారిపోతుంది. ఆ వెంటనే, చేర్పించడానికి కాదు, బడి వదిలిన పిల్లలందరి గురించీ కనుక్కుంటున్నామని చెప్పండి.

ఇదే సందర్భంలో: ఈ ఫోన్ నంబర్ల జాబితా మీ చేతిలోంచి బయటికి పోనివ్వకండి. మంచిమాటలు చెప్పి, పెన్నులూ డైరీలూ ఇచ్చి దాన్ని అడిగేవాళ్ళు వస్తారు. నేను పనిచేసిన ఒక బడిలో అది ఎలాగో బయటికి పోయింది. మరుసటి ఏడు మేం ఫోన్ చేస్తే సగం ఇళ్ళవాళ్ళు బడి పేరు వినగానే పెట్టేశారు. వాళ్ళ తప్పేమీ లేదు. పైగా 18 ఏళ్ళలోపు వాళ్ళ వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఫోన్‌లో రెండు వాక్యాల్లో అనుమతి అడిగి, ఇచ్చారని తేదీతో రాసుకోండి.

ఎవరు చేయాలన్నది కూడా అడిగారు. క్లాస్ టీచరు చేస్తే జవాబు తప్పక వస్తుంది, కానీ టీచరును నొప్పించకూడదని మంచి జవాబు వస్తుంది. తెలియనివాళ్ళు చేస్తే అసలు జవాబే రాదు. నేను చివరికి కుదుర్చుకున్న పద్ధతి: క్లాస్ టీచరు పలకరించి, ‘మా మేడమ్ నాలుగు ప్రశ్నలు అడుగుతారు’ అని ఫోన్ పక్కవారికి ఇవ్వడం. ఆడపిల్లల ఇళ్ళకు మాట్లాడేది ఆడవాళ్ళయితేనే మంచిది.

ఇప్పుడు అసలు విషయం, సోమవారం ప్రశ్న. ఇది ఎందుకో ఒక సంభాషణ రాసి చూపిస్తాను. మావాళ్ళు రాసుకున్న కాగితాల్లోది, ఆనవాళ్ళు తీసేసి.

‘అబ్బాయి ఏం చదువుతున్నాడమ్మా?’
‘ఇంటరండీ.’
‘ఏ గ్రూపు?’
‘సీఈసీ.’
‘కాలేజీ ఎక్కడ?’
‘నరసరావుపేటలో.’
‘మొన్న సోమవారం పొద్దున పదింటికి ఎక్కడున్నాడమ్మా?’
‘సోమవారమా… వాళ్ళ బాబాయితో సెంట్రింగ్ పనికి పోయాడండీ. రోజూ పోడు.’
‘పోయిన వారం కాలేజీకి ఎన్ని రోజులు వెళ్ళాడు?’
‘పోయిన వారం… పోలేదండీ. దసరా తర్వాత పోతానంటున్నాడు.’

మూడో జవాబు దగ్గర ఆపేస్తే ‘ఇంటర్, సీఈసీ, నరసరావుపేట’ అని రాసి సంతోషపడేవాళ్ళం. ఆ తల్లి అబద్ధం ఆడలేదు చూడండి. పేరు నిజంగానే కాలేజీలో ఉంది. ‘ఏం చేస్తున్నాడు’ అంటే ఆమె దృష్టిలో వాడు ఇంటర్ చదువుతున్నవాడే. మనం అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబే, మనకు కావలసిన జవాబు అది కాదు. రోజు, గంట చెప్పి అడిగితే మనిషి పరువు లెక్కలు మాని, గుర్తు తెచ్చుకునే పనిలో పడతాడు. ఎక్కడున్నాడో చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. 2017 నుంచి దేశమంతటా జరుగుతున్న కేంద్ర ప్రభుత్వ శ్రామికశక్తి సర్వేలో కూడా రెండు కొలతలు ఉన్నాయి: గడిచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం చేసిన పని ఒకటి, గడిచిన ఏడు రోజుల్లో చేసినది మరొకటి. మీరూ రెండూ అడగండి, రెండు గడుల్లో రాయండి. పేరు ఒకచోట, మనిషి మరొకచోట ఉన్నవాళ్ళు ఎందరో ఆ రెండు గడులు పక్కపక్కన పెడితేనే తేలుతుంది.

మన దగ్గర దీనికి ఇంకో మెలిక ఉంది. ఇంటర్ దాకా చదివే పిల్లల తల్లులకు డబ్బు వేసే పథకం ఉంది. నిన్నటిదాకా అమ్మ ఒడి, ఇప్పుడు తల్లికి వందనం. బడి నుంచి హెడ్‌మేడమ్ ఫోన్ చేసి ‘చదువుతోందా’ అంటే, ఈవిడ ఏమైనా రాస్తే డబ్బు ఆగిపోతుందేమో అని ఆ ఇంట్లో భయం ఉండదా? ఈ సర్వేకూ పథకాలకూ సంబంధం లేదని నోటితో చెప్పండి. చెప్పాక దాన్ని నిలబెట్టుకోండి కూడా. ఎవరైనా అధికారి వచ్చి ‘మీ దగ్గర పేర్లు ఉన్నాయట కదా’ అంటే, పేర్లు లేని పట్టిక ఇచ్చి పంపండి.

నా కాగితం మీద మొత్తం ఆరు ప్రశ్నలే ఉండేవి. ఫోన్ ఎత్తింది పిల్లవాడికి ఏమవుతారు. ఎక్కడైనా పేరు నమోదై ఉందా, ఉంటే ఏ కోర్సు, ఏ ఊరు. మొన్న సోమవారం పదింటికి ఎక్కడున్నాడు. పోయిన వారం చదువుకు ఎన్ని రోజులు, పనికి ఎన్ని రోజులు. పని అయితే ఏ పని, కూలీ ఎవరి చేతికి వస్తుంది. మళ్ళీ చదవాలని ఉందా, ఉంటే దేనికి ఆగింది. ఆఖరిదానికి గడులు పెట్టకండి. వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. ‘బస్సు పాసు ఉంది సార్, బస్సే లేదు’ అన్న జవాబు ఏ గడిలో ఇముడుతుంది?

‘ఇంట్లోనే ఉంది’ అన్న జవాబును అలాగే వదిలేయకండి. ఆడపిల్లల విషయంలో మీరు ఎక్కువగా వినేది ఇదే. నా అనుభవంలో ఆ రెండు మాటల వెనక నాలుగైదు వేరువేరు జీవితాలు ఉంటాయి. తల్లి కూలికి పోతే చెల్లెళ్ళనూ తమ్ముళ్ళనూ చూసుకునే పిల్ల ఒకతి. కుట్టుమిషను మీద ఊళ్ళోవాళ్ళ జాకెట్లు కుట్టి డబ్బు తెచ్చే పిల్ల ఒకతి, ఆమెది పని అని ఇంట్లో ఎవరూ అనరు. ఇంకొకతి సప్లిమెంటరీ కూడా తప్పి, వచ్చే ఏడు రాయడానికి పుస్తకాలు ముందేసుకుని ఉంటుంది. మరొకతికి సంబంధాలు చూస్తుంటారు. పైన చెప్పిన కేంద్ర సర్వేలో కూడా ఇంటిపని మాత్రమే చేసేవాళ్ళకు 92 అనీ, ఇంటిపనితోపాటు ఇంటి అవసరాలకు కట్టెలు, పశువుల మేత తేవడం, బట్టలు కుట్టడం లాంటివి చేసేవాళ్ళకు 93 అనీ వేరు కోడ్‌లు ఉన్నాయి. మీకు కోడ్‌లు అక్కరలేదు, కానీ ‘ఇంట్లో ఉండి పగలు ఏం చేస్తుంటుంది?’ అని ఇంకొక్క ప్రశ్న వేయండి. ఆ ఒక్క ప్రశ్న వేశాక ఒక బడిలో మా ‘ఖాళీ’ గడి దాదాపు ఖాళీ అయిపోయింది.

మగపిల్లల్లో దీనికి జోడీ ‘పని నేర్చుకుంటున్నాడు’. బైకు మెకానిక్ షెడ్డులో, వెల్డింగ్ షాపులో, ఏసీలు బిగించేవాళ్ళ వెంట. జీతం ఉండదు, మధ్యాహ్నం భోజనం పెడతారు, పండక్కి బట్టలు ఇస్తారు. దీన్ని చదువు కింద వేయలేం, ఉద్యోగం కింద వేయలేం. వేరే గడి పెట్టండి. చదువూ పనీ రెండూ చేసేవాళ్ళకు మరో గడి. మన గడుల్లో పట్టేలా పిల్లలను కుదించడంకంటే ఇంకో గడి గీసుకోవడం తేలిక.

ఎప్పుడు చేయాలి? మీ ఫామ్ జులైలో పంపారన్నారు, అది తొందరపాటు. సప్లిమెంటరీ పాసైనవాళ్ళు, పాలిటెక్నిక్ కౌన్సెలింగ్‌లో ఉన్నవాళ్ళు, ఐటీఐలో తర్వాతి విడతల కోసం చూసేవాళ్ళు అప్పటికి ఇంకా కుదుటపడరు. సెప్టెంబరు మధ్యకు వచ్చేసరికి చేరేవాళ్ళు చేరిపోతారు. స్కాట్లండ్‌లో బడి వదిలిన పిల్లల స్థితిని అక్టోబరు మొదటి సోమవారం నాటికి ఒకసారి, ఏప్రిల్ మొదటి సోమవారం నాటికి మరోసారి లెక్కగడతారు. రెండు కొలతలు ఎందుకంటే, చేరడం వేరు, నిలవడం వేరు. మనకూ అంతే, కాకపోతే తేదీలు మన బతుకులనుబట్టి ఉండాలి. మీ వైపు రెండో విడతకు సంక్రాంతిని మించిన అదను లేదు. హైదరాబాదులో, చెన్నైలో, బెంగళూరులో ఎక్కడ ఉన్నా భోగి నాటికి ఊళ్ళో ఉంటారు. కనుమ మర్నాడు మీరు వీధిలో నడిచి వెళితే ఫోన్‌లో మూడు వారాలు దొరకనివాళ్ళు అరుగు మీద కూర్చుని కనిపిస్తారు. తెలంగాణలో పనిచేసే మిత్రులు ఇదే పని బతుకమ్మ, దసరా సెలవుల్లో చేస్తారు. పండగ రోజుల్లో సోమవారం ప్రశ్న పనికిరాదు కదా అంటారేమో, నిజమే. అప్పుడు ‘పండక్కి ముందు సోమవారం’ అని అడగండి. ఫిబ్రవరికి వాయిదా వేస్తే మాత్రం మిర్చి కోతలు వచ్చేస్తాయి, మీ ఊళ్ళో సగం ఇళ్ళకు సాయంత్రం ఎనిమిది దాకా తాళాలే.

కొన్ని జవాబులు మిమ్మల్ని ఇరుకున పెడతాయి, ముందే సిద్ధంగా ఉండండి. పదహారేళ్ళ పిల్లకు పెళ్ళి నిశ్చయమైందని వింటారు. పదిహేనేళ్ళవాడు బాణసంచా తయారుచేసే చోట ఉన్నాడని వింటారు. పెళ్ళి వయసు ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 అని 2006 చట్టం చెబుతోంది. 14 నుంచి 18 ఏళ్ళ మధ్యవాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ చెబుతోంది. అలాంటప్పుడు మీరు సర్వే చేస్తున్న మనిషి కాదు, హెడ్‌మిస్ట్రెస్. పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పాలి. ‘మీరు చెప్పింది ఎవరికీ చెప్పం’ అని మొదట మాట ఇచ్చేస్తే ఇక్కడ చిక్కుల్లో పడతారు. అందుకే నేను మా టీచర్లతో ‘పిల్లల క్షేమానికి ముప్పు లేనంతవరకు’ అన్న మాట చేర్చి చెప్పించేవాడిని. ఒకసారి నిశ్చయం సంగతి ఇలాగే తెలిసింది. మహిళా పోలీసు, అంగన్‌వాడీ టీచరు, నేనూ కలిసి వెళ్ళాం. పెళ్ళి ఆగింది. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ నాతో మాట్లాడలేదు, ఆ వీధిలో తర్వాతి ఏడు మా ఫోన్లకు జవాబులూ తగ్గాయి. ఆ ధర కట్టాల్సిందే అనుకున్నాను.

సమావేశంలో ఏం చెప్పాలి? శాతాలకంటే మనుషుల లెక్క చెప్పండి. ‘94 మందిలో ఇంత మంది ఇంటర్, ఇంత మంది పాలిటెక్నిక్, ఇంత మంది ఐటీఐ, ఇంత మంది పేరు ఉండి వెళ్ళనివాళ్ళు, ఇంత మంది పనిలో, ఇంత మంది ఇంట్లో, ఇంత మంది మాకు దొరకలేదు.’ దొరకనివాళ్ళ వరుస ఆఖర్న చిన్న అక్షరాల్లో కాకుండా మిగతావాటితో సమానంగా ఉండాలి. గడిలో ఐదుగురికంటే తక్కువ ఉంటే బయటికి చెప్పేటప్పుడు పక్క గడితో కలిపేయండి. ‘పెళ్ళయినవారు: ఇద్దరు’ అని బోర్డు మీద రాస్తే ఆ ఇద్దరూ ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు.

మండలమంతటికీ చేయమని మండల విద్యాధికారి (ఎంఈఓ) గారు అడిగితే అప్పుడు నమూనా మాట. సుమారు 400 మందిని యాదృచ్ఛికంగా ఎంచుకుంటే ఐదు శాతం అటూఇటూగా అంచనా వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. ఆ 400 మందిలో సగం మంది జవాబివ్వకపోతే ఆ ఐదు శాతానికి అర్థం లేదు. అలాంటప్పుడు జవాబివ్వనివాళ్ళలోంచే చీటీలు తీసి ఒక 40 మందిని ఎంచి, వాళ్ళ ఇళ్ళకు మనుషులను పంపండి. ఉదాహరణకు జవాబిచ్చిన 200 మందిలో 160 మంది చదువుతున్నారు, అంటే 80 శాతం. ఇళ్ళకు వెళ్ళి చూసిన 40 మందిలో 22 మందే చదువుతున్నారు, అంటే 55 శాతం. అప్పుడు మిగిలిన 200 మందిలో చదివేవాళ్ళు 110 మంది అని అంచనా. మొత్తం 400లో 270, అంటే 67 లేదా 68 శాతం. పన్నెండున్నర శాతం తేడా ఆ 40 ఇళ్ళ వల్లే తెలిసింది. డబ్బు, సమయం తక్కువుంటే మొదటి విడత ఫోన్లు తగ్గించుకోండి గానీ ఈ 40 ఇళ్ళను వదలకండి.

చివరగా, మీరు అడగనిది ఒకటి. ఇప్పుడు మీ బడిలో పదో తరగతిలో ఉన్నవాళ్ళకు నవంబరు ప్రాంతంలో పరీక్ష ఫీజు కట్టించుకుని, నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ళ వివరాల జాబితా, తయారుచేస్తారు. తల్లిదండ్రుల వివరాలన్నీ ఎలాగూ అప్పుడు సరిచూస్తారు. అదే పూట ఒక నోటుపుస్తకం తెరిచి ఒక్కొక్కరి దగ్గర మూడు నంబర్లు రాయించుకోండి: తండ్రిది, తల్లిది, మేనమామది. ఆఫర్లు మారినప్పుడల్లా తండ్రి సిమ్ మారుస్తాడు. మేనమామ నంబరు మాత్రం ఐదేళ్ళయినా మోగుతుంది.